బ్యాన్ చేసేస్తే పార్టీ పోతుందా?

పలమనేరు బస్టాండ్ దగ్గర టీ కొట్టు. సాయంత్రం ఆరు దాటింది. ఈ ఊళ్లో చలి సంగతి తెలిసిందే కదా, కింద చిత్తూరులో ఫ్యాన్లు తిరుగుతుంటే ఇక్కడ స్వెట్టర్లు బయటికొస్తాయి. బెంగళూరు బస్సు కోసం చూస్తూ నలుగురు కుర్రాళ్లు ఒకే ఫోన్ మీదికి వంగి ఏదో రీల్ చూస్తున్నారు. ఎవరో నాయకుడు మైకు పట్టుకుని అరుస్తున్నాడు. మాటలు సరిగ్గా వినపడలేదు కానీ, 'తరిమి తరిమి' అన్నది మాత్రం వినపడింది.

"ఇట్లాంటి పార్టీని బ్యాన్ చేసి పారేయాలప్పా" అన్నాడొకడు.

"అవునురా, చేయాల్సిందే" అన్నారు మిగతా ముగ్గురూ.

అక్కడితో అయిపోయుంటే నేనీ వ్యాసం రాసేవాణ్ని కాదు. టీ చల్లారేలోపు తేలిందేంటంటే, ఒకడు బ్యాన్ చేయమన్నది ఒక పార్టీని, ఇంకొకడు దానికి పూర్తిగా ఎదుటి పార్టీని. మూడోవాడి మనసులో మావోయిస్టులున్నారు. నాలుగోవాడు "అన్నిట్నీ" అన్నాడు, వాడిది వేరే లెక్క. రెండు నిమిషాల కిందటి ఐకమత్యం కాస్తా గొడవైపోయింది.

పక్క బెంచీ మీద రిటైరయిన మేష్టారు ఒకాయన ఇదంతా వింటున్నాడు. "ఏమబ్బోడా, బ్యాన్ చేస్తే పోతాదా? ఇక్కడ శానా సార్లు చేసినార్లే" అన్నాడు.

కుర్రాళ్లు పట్టించుకోలేదు. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. నిజమే. పార్టీల్ని నిషేధించడం అంటే మనం జర్మనీ, హిట్లర్ అని ఎక్కడికో వెళ్లిపోతాం. తెలుగు నేల మీద ఈ ప్రయోగం జరిగినన్ని సార్లు ప్రజాస్వామ్య దేశాల్లో చాలా కొద్దిచోట్లే జరిగి ఉంటుంది.

పలమనేరు మద్రాసులో ఉన్నప్పుడు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. కాబట్టి మన కథ మద్రాసు నుంచే మొదలుపెట్టాలి.

కమ్యూనిస్టు పార్టీని మొదట నిషేధించింది బ్రిటిష్ వాళ్లు, 1934లో. 1942లో ఎత్తేశారు. తెల్లవాళ్లు చేశారంటే అర్థం చేసుకోవచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసు ప్రభుత్వం మళ్లీ నిషేధించింది. అవతల నైజాం ప్రాంతంలో తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తోంది, ఇవతల కృష్ణా జిల్లాలో నాయకులు అజ్ఞాతంలోకి వెళ్తున్నారు. ప్రభుత్వానికి భయపడటానికి కారణాలు లేకపోలేదు. తుపాకులు నిజం, హత్యలు నిజం. పోలీసు క్యాంపుల్లో జరిగినవీ నిజం.

ఈ గొడవలోనే ఒక చిన్న సంఘం పేరు చరిత్రకెక్కింది. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ. దాని కార్యదర్శి వి.జి. రో అనే మద్రాసు లాయరు. 1950 మార్చిలో ప్రభుత్వం ఈ సంఘాన్ని చట్టవిరుద్ధమని ప్రకటించింది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు! రో హైకోర్టుకెళ్లి గెలిచారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్లింది. 1952 మార్చి 31న అక్కడా ఓడిపోయింది. తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి.

ఈ తీర్పు గురించి కొంచెం ఓపిగ్గా వినండి, ఎందుకంటే ఇవాళ్టికీ మన చట్టం దీని నీడలోనే నడుస్తోంది. సంఘాల్ని నిషేధించే అధికారం ప్రభుత్వానికి అసలు ఉండకూడదని కోర్టు అనలేదు. కోర్టుకు కనపడిన తప్పు పద్ధతిలో ఉంది. ఫలానా సంఘం ప్రమాదకరమని ప్రభుత్వానికి 'అనిపిస్తే' చాలు, గెజిట్‌లో అచ్చేస్తే అయిపోయింది. మీ సంఘాన్ని నిషేధించామని మీ ఇంటికి కాగితం పంపాల్సిన పనిలేదు. సలహా మండలి ఒకటి ఉంది గానీ, దాని ముందు మీరు గానీ మీ లాయరు గానీ నిలబడి మాట్లాడే హక్కు లేదు. ఆరోపణ చేసేవాడూ, తీర్పు చెప్పేవాడూ ఒక్కడే అయినప్పుడు అది సహేతుకమైన ఆంక్ష ఎలా అవుతుందన్నది కోర్టు ప్రశ్న.

కోర్టులో సరే, జనంలో ఏమైంది? 1952 ఎన్నికలు చూడండి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ అనే పేరుతో పోటీ చేశారు. నల్గొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి వచ్చిన ఓట్లు, దేశ ప్రధాని నెహ్రూకు ఆయన స్థానంలో వచ్చిన ఓట్ల కంటే ఎక్కువ. నిషేధంలో ఉన్న పార్టీ నాయకుడండీ! మద్రాసు శాసనసభలో కమ్యూనిస్టులు 62 సీట్లు గెలిచారు. వాటిలో ఎక్కువ భాగం ఆంధ్ర ప్రాంతం నుంచే.

మరి ఆ పార్టీ ఊపు తగ్గింది ఎప్పుడు? 1955లో. ఆంధ్ర రాష్ట్రంలో ఇక అధికారం తమదే అన్న ధీమాతో కమ్యూనిస్టులు బరిలో దిగారు. నిషేధం లేదు, అజ్ఞాతం లేదు. మైకులు, జెండాలు, కళాజాతాలు, అన్నీ బహిరంగం. ఎదుటివాళ్లంతా ఒక్కటయ్యారు. 196 సీట్లలో కమ్యూనిస్టులకు వచ్చింది 15. ఇక్కడో తిరకాసు ఉంది. ఓట్లు మాత్రం 31 శాతం వచ్చాయి. అంటే ముగ్గురిలో ఒకరు అప్పటికీ వాళ్లతోనే ఉన్నారు. కానీ ఓడిపోయామని వాళ్లే ఒప్పుకోవాల్సిన ఓటమి అది. పోలీసు పెట్టిన ఓటమికీ పక్కింటివాడు పెట్టిన ఓటమికీ తేడా ఉంటుంది కదా.

ఘాట్ దిగితే ఇంకో కథ

పలమనేరు నుంచి ఘాట్ దిగితే గుడియాత్తం. అక్కడి నుంచి అంతా తమిళం. ఆ వైపు 1949లో డీఎంకే పుట్టింది. దాని డిమాండ్ ఏంటో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ప్రత్యేక దేశం. పేరు ద్రవిడనాడు. ఆ మ్యాప్‌లో మన తెలుగు ప్రాంతం కూడా ఉండేది, పలమనేరుతో సహా. మనల్ని ఎవరూ అడిగినట్టు లేదు లెండి.

దేశం నుంచి విడిపోతామనే పార్టీ కంటే తీవ్రమైనది ఏముంటుంది? బ్యాన్ చేయడానికి ఇంతకు మించిన కేసు దొరకదు. 1962లో చైనా యుద్ధం కూడా వచ్చింది. అయినా ఢిల్లీ ఆ పార్టీని నిషేధించలేదు. 1963లో రాజ్యాంగానికి 16వ సవరణ తెచ్చింది. ఎన్నికల్లో పోటీ చేయాలంటే దేశ సార్వభౌమత్వాన్ని, సమగ్రతను కాపాడతానని ప్రమాణం చేయాలి. అంతే. పార్టీ ఉంటుంది, జెండా ఉంటుంది, అన్నాదురై ఉంటారు. విడిపోతామనే డిమాండ్‌తో మాత్రం బ్యాలెట్ మీదికి రావడానికి లేదు.

డీఎంకే ఆ డిమాండ్ వదిలేసుకుంది. 1967లో గెలిచింది. ఆ పార్టీ ప్రభుత్వమే మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టుకుంది, దేశంలోనే ఉంటూ. 1963లో తాళం వేసి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. శ్రీలంక తమిళ ప్రాంతాల్లో తర్వాత జరిగింది చూస్తే మాత్రం ఊహించుకోవడానికి భయమేస్తుంది.

అలిపిరి

ఇప్పుడు కష్టమైన చోటికి వద్దాం. డీఎంకే చేతిలో తుపాకీ లేదు. ఉన్నవాళ్ల సంగతేంటి?

2003 అక్టోబరు 1. తిరుమల బ్రహ్మోత్సవాలు. స్వామికి పట్టువస్త్రాలు ఇవ్వడానికి కొండెక్కుతున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్ కింద అలిపిరి దగ్గర క్లేమోర్ మైన్లు పేలాయి. ఆయన గాయాలతో బయటపడ్డారు. కారులో ఉన్న మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డికీ దెబ్బలు తగిలాయి. చేసింది పీపుల్స్‌వార్. చంద్రబాబు సొంత నియోజకవర్గం కుప్పం మనకు పక్కనే కాబట్టి, ఆ సాయంత్రం ఈ ప్రాంతం ఎలా అట్టుడికిపోయిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆ రోజుకి పీపుల్స్‌వార్ మీద నిషేధం ఏడేళ్లుగా అమల్లో ఉంది.

వెనక్కి వెళ్దాం. 1980లో కొండపల్లి సీతారామయ్య పీపుల్స్‌వార్‌ను స్థాపించారు. ఎన్నికలు బూటకం, సాయుధ పోరాటమే దారి అన్నది వాళ్ల లైన్. 1989 చివర్లో వచ్చిన చెన్నారెడ్డి ప్రభుత్వం ఆంక్షలు సడలిస్తే, 1990లో వరంగల్ రైతు కూలీ సభకు లక్షల్లో జనం వచ్చారు. 1992 మే నెలలో జనార్దన్‌రెడ్డి ప్రభుత్వం పార్టీనీ, అనుబంధ సంఘాల్నీ నిషేధించింది. దానికోసం ప్రజాభద్రతా చట్టం తెచ్చింది. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ నిషేధాన్ని పక్కనపెట్టింది. 1996లో చంద్రబాబు ప్రభుత్వం మళ్లీ పెట్టింది. స్విచ్ వేసి ఆర్పినట్టు ఉంది కదూ?

నిషేధం ఉన్నా లేకపోయినా ప్రాణాలు పోతూనే వచ్చాయి. 1993 జనవరిలో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్. 1995 డిసెంబరులో ఒంగోలులో మాగుంట సుబ్బరామిరెడ్డి. 1999 ఏప్రిల్‌లో మాజీ స్పీకర్ శ్రీపాదరావు, సెప్టెంబరులో పట్టపగలు హైదరాబాద్ నడిబొడ్డున ఐపీఎస్ ఉమేశ్‌చంద్ర. 2000 మార్చిలో ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరకు మంత్రి మాధవరెడ్డి. ఇవి పేపర్లో మొదటి పేజీకి ఎక్కిన పేర్లు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో చనిపోయిన పల్లెటూరి మనుషులు, ఎన్‌కౌంటర్ అన్న రెండు లైన్ల వార్తలో ముగిసిపోయిన కుర్రాళ్లు లెక్కలేనంత మంది. రెండు వైపులా హక్కుల గురించి మాట్లాడిన బాలగోపాల్ లాంటి వాళ్లను ఎవరూ పూర్తిగా తమవాడు అనుకోలేదు. ఆయన నక్సలైట్ల హింసను ప్రశ్నించారు, పోలీసు ఎన్‌కౌంటర్లనూ ప్రశ్నించారు. ఈ రెండూ ఒకే నోటితో అడగొచ్చని నాకు తెలిసింది ఆయన వ్యాసాలు చదివాకే.

2004లో వైఎస్ ప్రభుత్వం వచ్చింది. జులైలో నిషేధం గడువు ముగిస్తే పొడిగించలేదు. అక్టోబరు 15 నుంచి నాలుగు రోజులు హైదరాబాద్ మంజీరా గెస్ట్‌హౌస్‌లో చర్చలు. అడవి నుంచి వచ్చిన రామకృష్ణ బృందం ఒకవైపు, హోంమంత్రి జానారెడ్డి ఒకవైపు, మధ్యలో ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దలు. టీవీల ముందు జనం అతుక్కుపోయారు. ఆయుధాలతో తిరగొచ్చా లేదా అన్న దగ్గరే బండి ఆగిపోయింది. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్ల తర్వాత మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయనతో ఉన్నవాళ్లను కాల్చి చంపారు. స్వాతంత్ర్య దినోత్సవం రోజున. రెండు రోజుల్లో, ఆగస్టు 17న, మావోయిస్టు పార్టీ మీద మళ్లీ నిషేధం పడింది.

ఆ నిషేధాన్ని తప్పుపట్టడం నాకు చేతకాదు. ఎమ్మెల్యేను, పక్కనున్న మామూలు మనుషుల్ని చంపిన వాళ్లను పార్టీ అనాలా, సైన్యం అనాలా? తుపాకీ పట్టుకుని ఎన్నికలు వద్దనే సంస్థను 'రాజకీయ పార్టీ' అని పిలవడంలోనే ఒక గందరగోళం ఉంది. వాళ్ల విషయంలో నిషేధం అనేది చాలావరకు ఒక కాగితమే. హత్య అంతకుముందూ నేరమే, తర్వాతా నేరమే.

కాగితం అసలు పని ఎక్కడ చేస్తుందంటే, అంచుల్లో. ఆ రోజు నిషేధించిన జాబితాలో విప్లవ రచయితల సంఘం, విరసం, కూడా ఉంది. కవులూ కథకుల సంఘం. నేనప్పుడు తిరుపతిలో డిగ్రీ చదువుతున్నా. మా రూమ్మేట్‌ది కడప వైపు. పాత పుస్తకాల షాపులో కిలో లెక్కన కొన్న వాటిలో నాలుగైదు 'అరుణతార' సంచికలు, రెండు పాటల క్యాసెట్లు వాడి ట్రంకు పెట్టెలో ఉండేవి. వాడికి విప్లవం కంటే గవర్నమెంటు ఉద్యోగం మీదే ఎక్కువ నమ్మకం. గ్రూప్-2కి ప్రిపేరవుతున్నాడు. అయినా ఆ వారం హాస్టల్‌లో పుకార్లు, ఎవరి గదులో సోదా చేశారని. ఒక రాత్రి డాబా మీద నీళ్లు కాచుకునే పొయ్యిలో వాటిని ఒక్కొక్క పేజీ చింపి వేశాడు. క్యాసెట్లు కాలితే వాసనొస్తుందని రీలు లాగేసి చెత్తలో పడేశాడు. నేను పక్కన కూర్చుని అగ్గిపుల్లలు అందించాను. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ రాలేదు కూడా. ఆ ఏడాది చివర్లోనే విరసం మీద నిషేధం చెల్లలేదు, ఎత్తేశారు. వాడి పుస్తకాలు మాత్రం అప్పటికే బూడిద.

మాది చాలా చిన్న నష్టం. కేరళలో చూడండి. 2019 నవంబరులో కోళికోడ్‌లో ఇద్దరు విద్యార్థుల్ని మావోయిస్టు సాహిత్యం ఉందని ఉపా కింద అరెస్ట్ చేశారు. విచిత్రం ఏంటంటే ఇద్దరూ అక్కడి అధికార సీపీఎం సభ్యులు. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో బెయిల్ వ్యవహారం తేల్చేదాకా వాళ్ల చదువు, వయసు ఏమయ్యాయో ఆలోచించండి.

ఫోన్‌లో ఉన్న మీకు చట్టం ఏం చెబుతోంది?

'ఎలక్షన్ కమిషన్ ఆ పార్టీని రద్దు చేయొచ్చు కదా' అని కామెంట్లలో తరచూ కనపడుతుంది. చేయలేదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఎ సెక్షన్ ప్రకారం పార్టీ రిజిస్టర్ కావాలంటే రాజ్యాంగానికి, సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్యాలకు కట్టుబడి ఉంటానని రాసివ్వాలి. రాసిచ్చాక మాట తప్పితే? రిజిస్ట్రేషన్ తీసేసే అధికారం చట్టం కమిషన్‌కు ఇవ్వలేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. మినహాయింపులు కొన్నే. మోసంతో రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నా, రాజ్యాంగం మీద నమ్మకం లేదని పార్టీయే చెప్పినా, ప్రభుత్వం దాన్ని చట్టవిరుద్ధ సంస్థగా ప్రకటించినా తీసేయొచ్చు. 2025 ఆగస్టులో కమిషన్ 334 పార్టీల్ని జాబితా నుంచి తొలగించింది, నిజమే. అది సిద్ధాంతం చూసి కాదు, ఆరేళ్లుగా ఎక్కడా పోటీ చేయనందుకు.

కాబట్టి అసలు తాళంచెవి కేంద్రం చేతిలో ఉంది. ఉపా, 1967 నాటి చట్టం. సంస్థను చట్టవిరుద్ధమని ప్రకటిస్తే ముప్పై రోజుల్లో హైకోర్టు జడ్జి ఉన్న ట్రిబ్యునల్ ముందుకు వెళ్లాలి, ఆరు నెలల్లో తేలాలి. వి.జి. రో కేసు నేర్పిన పాఠం ఇది. దీనికి పళ్లున్నాయని కూడా ఒప్పుకోవాలి. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ఆరెస్సెస్ మీద పెట్టిన నిషేధాన్ని 1993లో ట్రిబ్యునలే కొట్టేసింది. అదే సమయంలో జమాతే ఇస్లామీ హింద్ మీద పెట్టినదాన్ని తర్వాత సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇటు వాళ్లకూ అటు వాళ్లకూ ఒకే తలుపు పనికొచ్చింది.

అయితే అదే చట్టంలో రెండో తలుపుంది. 2004లో వచ్చింది. ప్రభుత్వం ఒక సంస్థను ఉగ్రవాద జాబితాలో చేర్చితే ట్రిబ్యునల్ అవసరం లేదు. బయటికి రావాలంటే చేర్చిన ప్రభుత్వానికే మొదట అర్జీ పెట్టుకోవాలి. మావోయిస్టు పార్టీని 2009 జూన్‌లో ఆ జాబితాలోనే చేర్చారు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. చట్టవిరుద్ధమని ప్రకటించిన సంస్థలో సభ్యత్వం ఉంటే చాలు, హింస చేయకపోయినా నేరమే. 2011లో ఇదే కోర్టు దీనికి వ్యతిరేకంగా చెప్పింది. సభ్యత్వం అంటే ఇవాళ ఏంటి? కార్డా? వాట్సాప్ గ్రూపా? గ్రూపులో చేర్చిన విషయం మీకు తెలియకపోతే? ఇది నిజంగా భయపడాల్సిన ప్రశ్న, ఎందుకంటే మా రూమ్మేట్‌లా పొయ్యిలో వేయడానికి ఫోన్ చాట్ పేజీ కాదు.

మరి రీల్‌లో 'తరిమి తరిమి' అన్నవాడిని ఏం చేయాలి? వాడికి విడిగా చట్టం ఉంది. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే న్యాయసంహిత 196వ సెక్షన్. మతం పేరుతో ఓటడిగితే ఎన్నికే రద్దవుతుంది. బాల్ ఠాక్రేకి 1999లో ఆరేళ్లపాటు ఓటు హక్కే తీసేశారు, పార్టీ మాత్రం నడిచింది. చట్టం లేక కాదు, కేసు పెట్టాల్సిన రోజున పెట్టక. నాయకుడి మీద చిన్న కేసు పెట్టడానికి ధైర్యం చాలని వ్యవస్థ పార్టీ మొత్తాన్ని నిషేధించే పెద్ద పని సరిగ్గా చేస్తుందని నమ్మమంటే ఎలా?

హిట్లర్‌ను ఆపి ఉంటే...

ఈ చర్చలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అప్పుడే నాజీల్ని బ్యాన్ చేసి ఉంటే? చేశారు. 1923లో మ్యూనిక్‌లో తిరుగుబాటుకు ప్రయత్నించాక నాజీ పార్టీని నిషేధించారు, హిట్లర్‌ను జైల్లో పెట్టారు. 1925 నాటికి రెండూ ఎత్తేసినట్టే అయింది. 1928లో వాళ్లకు వచ్చిన ఓట్లు మూడు శాతం కూడా లేవు. 1932 జులైకి 37 శాతం. మధ్యలో వచ్చింది ఆర్థిక మాంద్యం, నిరుద్యోగం, ఒకరితో ఒకరు కలవని మిగతా పార్టీలు.

ఆ దెబ్బ తిన్న జర్మనీ యుద్ధం తర్వాత రాజ్యాంగంలోనే రాసుకుంది, ప్రజాస్వామ్యాన్ని కూల్చాలనుకునే పార్టీని నిషేధించొచ్చని. నిర్ణయం మాత్రం ప్రభుత్వానిది కాదు, రాజ్యాంగ న్యాయస్థానానిది. 1952లో నాజీల వారసుల పార్టీ ఒకటి, 1956లో కమ్యూనిస్టు పార్టీ పోయాయి. మొదటి నిషేధం పనిచేసింది, ఒప్పుకోవాలి. అప్పటికి ఆ పార్టీ చిన్నది, దేశం పచ్చి గాయంతో ఉంది. 2017లో ఎన్‌పీడీ అనే పార్టీ కేసులో కోర్టు తమాషా తీర్పిచ్చింది. దీని లక్ష్యాలు రాజ్యాంగ వ్యతిరేకమే, కానీ సాధించేంత సీన్ దీనికి లేదు, కాబట్టి నిషేధం అక్కర్లేదు అని. 2024లో ఆ పార్టీకి ప్రభుత్వ నిధులు మాత్రం ఆపేసింది. ఇప్పుడు గొడవంతా ఏఎఫ్‌డీ గురించి. 2025 ఎన్నికల్లో దానికి ఐదింట ఒక ఓటు పైగా వచ్చింది, పార్లమెంటులో రెండో పెద్ద పార్టీ. చిన్నగా ఉంటే నిషేధం అనవసరం, పెద్దదైతే కోటి మంది ఓటర్లను ఎక్కడ పెడతారు? వాళ్లకే తేలలేదు.

టర్కీ ఇంకా నేరుగా చెబుతుంది. 1998లో కోర్టు రెఫా పార్టీని మూసేసింది. యూరప్ మానవహక్కుల కోర్టు కూడా సరేనంది. అందులోంచి బయటికొచ్చిన వాళ్లు 2001లో కొత్త పార్టీ పెట్టారు, 2002లో అధికారంలోకి వచ్చారు. ఆ నాయకుడు ఎర్డోగాన్. 2008లో ఆ కొత్త పార్టీనీ మూసేయమని కేసు వేస్తే ఒక్క జడ్జి ఓటు తేడాతో తప్పించుకుంది. ఆ తర్వాత అక్కడ ఎవరు ఎవర్ని మూసేస్తున్నారో వార్తల్లో చూస్తూనే ఉన్నాం.

సిరా చుక్క

నా అభిప్రాయం అడిగితే, తుపాకీ ఉన్న చోట తుపాకీని ఆపాలి, దానికి పోలీసు ఉన్నాడు, కోర్టు ఉంది. ఓటు అడిగే పార్టీ మీద నిషేధం అంటే, దాని హింస రుజువు కావాలి, రుజువు చూసేది ప్రభుత్వం కాకుండా జడ్జి కావాలి, గడువు ఉండాలి, కవినీ పాటగాడినీ పోస్టర్ అంటించే పిల్లాడినీ జాబితాలో కలపకూడదు. ఇన్ని షరతులు పెడితే నిషేధించడానికి ఏమీ మిగలదంటారా? మిగలకపోతే నాకు బెంగ లేదు.

తలుపు తెరిచి ఉంచితే జరిగేది కూడా మన దగ్గరే చూశాం. నక్సల్‌బరీ బాటలోంచే వచ్చిన ఎంఎల్ పార్టీ తరఫున గుమ్మడి నర్సయ్య ఇల్లెందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యే అయ్యారు, అసెంబ్లీకి బస్సులో వెళ్లినందుకు పేరు తెచ్చుకున్నారు. పద్నాలుగు పదిహేనేళ్ల ప్రాయం దాటగానే దళంలో చేరిన సీతక్క తర్వాత లా చదివి, ములుగు నుంచి గెలిచి, 2023 డిసెంబరులో తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశారు. మరోవైపు 2025 మే 21న అబూజ్‌మడ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయారు. ఆయనది శ్రీకాకుళం జిల్లా. అదే ఏడాది అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ ఆయుధం అప్పగించి లొంగిపోయారు. ఆయనది పెద్దపల్లి. ఇందరు తెలుగువాళ్లు, ఇన్ని దారులు.

దశాబ్దాల పాటు ఓటు వేయొద్దని పాడిన గద్దర్, 1997లో దిగిన తూటా ఒంట్లో ఉండగానే, 2018 డిసెంబరులో హైదరాబాద్ అల్వాల్‌లో క్యూలో నిలబడి జీవితంలో మొదటిసారి ఓటేశారు. ఎవరూ నిర్బంధించలేదు. వేలికి సిరా చుక్కతో బయటికొచ్చి నవ్వారు.

బెంగళూరు బస్సు ఏడింటికి వచ్చింది. నలుగురు కుర్రాళ్లూ ఇంకా వాదించుకుంటూనే ఎక్కారు. ఎవరు ఏ పార్టీనో తేలాక కూడా నలుగురూ ఒకే వరసలో సీట్లు పట్టుకున్నారు. "ఏం సార్, మీరేమంటారు?" అని మేష్టారిని అడిగాను. "ఆ మూడోవాడు నా దగ్గరే చదివినాడు. హోంవర్కు ఎప్పుడూ చేయడు, వాదన మాత్రం బాగా చేస్తాడు" అన్నాడాయన, గ్లాసు కింద పెట్టి ఇంకో టీ చెబుతూ.